మధ్య అద్దం

ఫిబ్రవరి 11

పిన్నికి,

ఈ చేతిరాత ఎవరిదో నీకు తెలిసి ఉండదు. నువ్వు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు పన్నెండేళ్ళు. నేను గుండుని, మీ అక్క కొడుకుని. తల ఇంకా గుండ్రంగానే ఉంది గానీ జుట్టు మెల్లగా సెలవు తీసుకుంటోంది.

నీ అడ్రసు అమ్మ పాత డైరీలో దొరికింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉన్నావో లేదో తెలియకుండానే రాస్తున్నాను.

నేను పళ్ళ సెట్లు తయారు చేసే ల్యాబులో పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో దవడలు ప్లాస్టర్‌లో పోసుకుని కూర్చుంటాను. అమ్మ స్టూడియో ఉందంటే ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు, లామినేషను. వేసవి దాటాక మూసేస్తానంటోంది. పాత సామాను కొనేవాడికి కబురు కూడా పెట్టింది. మొన్న ఆదివారం అల్మరా ఖాళీ చేస్తుంటే అడుగు అరలో నల్ల గుడ్డలో చుట్టిన లెన్సు దొరికింది. పెద్ద కెమెరాకి పెట్టేది, ఇత్తడి గొట్టం ఉన్నది. "అదీ అందులోనే పడెయ్" అంది అమ్మ, చూడకుండానే. నేను పడెయ్యలేదు. సంచీలో పెట్టుకుని నా గదికి తెచ్చేసుకున్నాను.

కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే లోపలంతా పొగ నిలిచిపోయినట్టుంది. ఒక పక్క సన్న పోగుల్లా బూజు. ఇక్కడ కెమెరాలు బాగు చేసే ఒకే ఒక్కాయన "వీటిని ఇప్పుడెవరు విప్పుతారండీ" అని తిరిగి ఇచ్చేశాడు. విప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఒకరున్నారని ఆయనతో అనలేకపోయాను.

దీన్ని శుభ్రం చేసి అమ్మ చేతిలో పెట్టాలని ఉంది. ఆవిడ మళ్ళీ ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని విసుక్కుంటూ ఫొటో తీస్తే చూడాలని ఉంది. నేర్పిస్తావా?

నీ గుండు

ఫిబ్రవరి 19

గుండూ,

ఉత్తరం అందింది. అక్కడే ఉన్నాను.

ఆ లెన్సు గురించి నేను నోరు విప్పాలంటే ముందు మీ అమ్మకి తెలియాలి. నువ్వు విప్పుతున్నావని, నేను చెబుతున్నానని, రెండూ తెలియాలి. ఆవిడ సరేనంటే రాయి. అనకపోతే నీ క్షేమం ఒక్కటి రాయి, చాలు. ఎందుకని మాత్రం అడక్కు.

జుట్టు గురించి బెంగ పెట్టుకోకు. మీ తాతయ్యకీ ముప్ఫై దాటాక నిలవలేదు.

పిన్ని

ఫిబ్రవరి 26

పిన్నీ,

అమ్మకి చెప్పాను. బట్టలు మడత పెడుతూ వింది. తర్వాత "సరే, దానికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు" అంది. నేను రెట్టించలేదు.

ఇంక మొదలుపెట్టు. నా దగ్గర సన్న పటకార్లు, గాలి కొట్టే రబ్బరు బంతి, మంచి దీపం, కళ్ళకి పెట్టుకునే భూతద్దం ఉన్నాయి. చేతులు వణకవు. అరమిల్లీమీటరు తేడా వస్తే నమిలేవాడికి ప్రాణం పోయే పని మాది. కావాలంటే నీ ఫోను నంబరు పంపు, మాట్లాడుకుంటూ చేద్దాం.

గుండు

మార్చి 5

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరంలో అక్క అన్న మాట దగ్గరే నాలుగుసార్లు ఆగాను. నాలుగోసారి కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. అది మసక వల్ల కాదు.

ఫోను వద్దు. ఫోనులో చెప్పింది చెవి వింటుంది గానీ చేతులు వినవు. కాగితం అయితే బల్ల మీద పెట్టుకుని ఒక్కో వాక్యం చేస్తూ పోవచ్చు. ముప్ఫయ్యేళ్ళు మైక్రోస్కోపులు బాగు చేసిన వర్క్‌షాపులో నేను నేర్చుకున్నది ఇదే. పోయినేడు రిటైరయ్యాను. ఇప్పటికీ స్కూళ్ళవాళ్ళు ఇంటికే తెచ్చిస్తారు. కిటికీ పక్కన బల్ల, దాని మీద తెల్ల దుప్పటి, అదే నా షాపు. పైవాటాలో వాళ్ళ బట్టల మెషీను తిరిగితే బల్ల కూడా తిరుగుతుంది. అందుకని వాళ్ళ బట్టలు ఆరేశాకే నా పని మొదలు.

విను. ముందు గది తుడిచి, తడిగుడ్డ పెట్టి, గంటసేపు ఎవర్నీ నడవనివ్వకు. ఫ్యాను కట్టెయ్యి. బల్ల మీద తెల్లగుడ్డ పరువు, పడిన మర కనబడాలి. తీసిన ప్రతి ముక్కనీ ఎడమ నుంచి కుడికి తీసిన వరసలోనే పెట్టు. ముందుభాగంలో పేరు రాసి ఉన్న రింగుకి మరల్లేవు. దాని కొలతకి సరిపడే రబ్బరు బిరడా నొక్కిపెట్టి తిప్పితే వస్తుంది. బిగుసుకుపోయి ఉంటే అంచు మీద ఒక్క చుక్క స్పిరిట్ వేసి టీ తాగి రా. బలం పెట్టకు. బలం పెట్టేవాళ్ళు బోరింగులు బాగు చేసుకోవచ్చు.

రింగు కింద మొదటి అద్దం. దాని వెనక పొగలా ఉన్నది పొగ కాదు, నూనె ఆవిరి. కిటికీ రెక్కలకి వేసే నూనె లాంటిది లోపల వెలుగుని తగ్గించే పలకలకి ఉంటుంది, ఏళ్ళు గడిస్తే ఆవిరై అద్దం మీద కూర్చుంటుంది. మొదట గాలి కొట్టు. దుమ్ము పోకుండా తుడిచావంటే ఇసుకతో తుడిచినట్టే. తర్వాత మెత్తని నూలుగుడ్డకి స్పిరిట్ తడిపి, నడిమి నుంచి అంచుకి గుండ్రంగా ఒక్కసారి. ఆ గుడ్డ మళ్ళీ వాడకు. ప్రతిసారీ కొత్త ముక్క.

ఇక్కడితో ఆగి నాకు రాయి. మధ్య అద్దం జోలికి మాత్రం నేను చెప్పేదాకా పోకు.

అక్కకి మోకాలి నొప్పి ఉండేది. ఇప్పుడెలా ఉంది? నేను అడిగానని చెప్పు.

పిన్ని

మార్చి 17

పిన్నీ,

రింగు వచ్చింది. రెండు టీలు, ఒక స్పిరిట్ చుక్క, చివరికి మా ల్యాబులో దవడ అచ్చులకి వాడే రబ్బరు ముక్క. కదిలినప్పుడు చేతికి తెలిసిన ఆ చిన్న జారుడు ఉంది చూడూ, ఇన్నేళ్ళు ఈ పని ఎందుకు చేశావో అప్పుడర్థమైంది.

మొదటి అద్దం వెనక్కి తిప్పి నువ్వు చెప్పినట్టే తుడిచాను. మూడో గుడ్డకి సగం పొగ పోయింది. ఆరోదానికి అద్దం అక్కడ ఉందో లేదో తెలియనట్టు అయ్యింది. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

కానీ అంచున బూజు పోయాక కూడా సన్న గీతలు మిగిలాయి, అద్దాన్ని తినేసినట్టు. మా దగ్గర పళ్ళకి మెరుగు పెట్టే పేస్టు ఉంది, చాలా మెత్తనిది. దాంతో కొంచెం రుద్దనా?

అమ్మ మోకాలు వానాకాలంలో సతాయిస్తుంది, మిగతా రోజులు బాగానే ఉంది. నువ్వడిగావని చెబితే నవ్వింది. నీ చెయ్యి ఎలా ఉందని అడగమంది. ఎప్పుడో మైక్రోస్కోపు దిమ్మ పడి వేలు నలిగిందట కదా.

గుండు

మార్చి 24

ఒరేయ్,

ఆ పేస్టు ఇప్పుడే డబ్బా మూతపెట్టి ఇంకో గదిలో పెట్టు. అద్దం మీద ఊదారంగులో మెరిసే పూత ఉంటుంది, ఉల్లిపొరకంటే పల్చన. పేస్టు దానికి తగిలిందో, లెన్సు పోతుంది, తర్వాత నేను వచ్చి నీ వీపు విమానం మోత మోగిస్తాను. బూజు తిన్న గీతలు అంచున ఉంటే ఉండనీ. వాటివల్ల ఫొటోకి ఏమీ కాదు. పాత వస్తువుకి వయసు కనబడితే తప్పు లేదు. నువ్వు చేయాల్సింది మసక తియ్యడం, కొత్తది చెయ్యడం కాదు.

వేలు సంగతి అక్కకి గుర్తుందన్నావు. ఆ ఒక్క ముక్కతో నాకు రెండు రోజులు అన్నం తిన్నట్టే లేదు, తినకపోయినట్టూ లేదు. అందుకే నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. నీకు అప్పుడు పన్నెండేళ్ళు, పెద్దవాళ్ళ గొడవలో నిన్ను పక్కగదిలోకి తోసేశారు.

మీ తాతయ్యకి ఆపరేషను అని తేలాక, ముందురోజు అందరం కలిసి ఒక ఫొటో దిగుదామన్నాం. ఈ లెన్సులో మసక పట్టిందని అక్క నాకిచ్చింది. ఇంటినిండా జనం, దుమ్ము లేని గది స్టూడియోలో చీకటిగది ఒక్కటే. అక్కడ ఎర్రదీపం కింద విప్పాను. మధ్య అద్దం రెండు వైపులా గుంటగా ఉంటుంది, ఏ వైపు ముందో కంటికి ఆనదు. అది గబుక్కున అరచేతిలోకి జారింది. ఎటు చూస్తూ పడిందో గమనించలేదు. కానీ అంచున చిన్న బాణం గుర్తు కనిపించింది, ఊపిరి పీల్చుకున్నాను. మా వర్క్‌షాపులో బాణమంటే వెలుగు నడిచే దారి, ముందు నుంచి వెనక్కి. అలాగే పెట్టి మూసేశాను.

అక్క పన్నెండు ఫొటోలు తీసింది. నాన్న మధ్యలో కూర్చోనన్నాడు, ఎప్పుడూ అంతే. ఎడమ చివర కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత నాన్న ఇంటికి రాలేదు. పదకొండో రోజు అక్క ఫొటోలు కడిగింది. మధ్యలో నువ్వు, మీ నాన్న, నేను అద్దంలో చూసినట్టున్నాం. అంచులకి పోయేకొద్దీ తడివేలితో రాసినట్టు అలికిపోయింది. నాన్నకి ముఖమే లేదు. ఆయన వయసు మళ్ళాక దిగిన ఫొటో ఇంకోటి లేదు.

అక్క చుట్టాలందరి ముందూ అంది, "నువ్వు నాన్న ముఖం చెరిపేశావు" అని. ఏ మర వదులుగా పెట్టానో, ఎక్కడ ఏమరుపాటు పడ్డానో నాకు ఇవాళ్టికీ తెలియదు. తప్పు నాదేనని ఒప్పుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఎంత చిన్న స్కూలు మైక్రోస్కోపు విప్పినా రెండుసార్లు సరిచూస్తాను.

సరే, పని. రెండు మొనల స్పానరుతో లోపలి రింగు తీసి మధ్య అద్దాన్ని మెత్తని గుడ్డ మీదకి దించు. రెండు వైపులా తుడువు. బాణం వెనక్కి, అంటే ఫొటో తీసేవాళ్ళ వైపు చూసేలా పెట్టు. ఆ వెనక ఉన్న జంట అద్దం అతికించి ఉంటుంది, దాన్ని విడదియ్యకు, పైపైన తుడిచి మూసెయ్యి.

ఇంకో సంగతి. ఏప్రిల్ 20కి బస్సు టికెట్ తీసుకున్నాను. పిలవలేదు కదా అని ఆగాను గానీ, వేలు గుర్తు పెట్టుకున్న మనిషి నేను గుమ్మంలో నిలబడితే పొమ్మంటుందా? పొమ్మనదనే అనుకుంటున్నాను. అక్కకి ముందుగా చెప్పు, హడావిడి పడొద్దను.

పిన్ని

ఏప్రిల్ 4

పిన్నీ,

మధ్య అద్దం తీశాను, తుడిచాను, నువ్వు చెప్పినట్టే బాణం వెనక్కి పెట్టి బిగించాను. ఇప్పుడు దీపం ముందు పట్టుకుంటే లెన్సులో మసక అనే మాటే లేదు.

కెమెరా అమ్మ దగ్గరుంది కాబట్టి ఒక అట్టపెట్టెకి ముందు లెన్సు, వెనక పల్చటి కాగితం అతికించి కిటికీలో పెట్టాను. ఎదురు మేడ తలకిందులుగా కాగితం మీద పడింది. మధ్యలో బాల్కనీ, ఆరేసిన చొక్కా గుండీలతో సహా తెలుస్తోంది. కానీ పక్కలకి పోయేకొద్దీ కిటికీలన్నీ అలికినట్టున్నాయి. మూడుసార్లు విప్పి మళ్ళీ బిగించాను. అదే వరస. ఆ కాగితాన్ని ఫోనుతో తీసి ప్రింటు వేయించి ఇందులో పెడుతున్నాను. ఎక్కడ తప్పు చేశానో చూడు.

నీ ప్రయాణం గురించి అమ్మకి చెబుతాను. ఈమధ్య స్టూడియోలో కాస్త పని ఎక్కువగా ఉంది, తేదీ అటూ ఇటూ అయితే ఏమీ అనుకోవు కదా.

గుండు

ఏప్రిల్ 8

గుండూ,

నీ ప్రింటు చూశాను. ఇది నాకు తెలిసిన అలుకుడు. పంతొమ్మిదేళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనబడేది ఇదే. నువ్వు ఏ మరా వదలలేదు, మూడుసార్లు బిగించావు. అంటే ఆ రోజు నేను కూడా ఏ మరా వదల్లేదు. తప్పు బిగింపులో లేదు.

అద్దం తియ్యి. రెండు వైపులా దీపం నీడ పడేలా చూడు. ఎటువైపు దీపం చిన్నగా కనబడితే అటు గుంట ఎక్కువ. అది వెనక్కి ఉండాలి. బాణం ఏ రంగులో ఉందో పగటి వెలుగులో చూసి రాయి.

*

ఉత్తరం పోస్టు చెయ్యకుండా రెండు రోజులు దగ్గరే పెట్టుకున్నాను. నువ్వు రాయకముందే నాకు తెలిసిపోయింది. ఆ బాణం ఊదారంగులో ఉంటుంది. అక్క నెగిటివుల మీద నంబర్లు వేసే ఊదా పెన్సిలు. ఎర్రదీపం కింద ఊదా కూడా నల్లగానే కనబడుతుంది, అందుకే తయారీవాళ్ళ గుర్తనుకున్నాను. అంతకు ముందెప్పుడో అక్కే ఆ లెన్సు విప్పి తుడిచి, తన గుర్తు తను పెట్టుకుంది. నేను వెలుగు నడిచే దారిని గీస్తాను. అక్క ఫొటో తీసే మనిషి, తను చూసే వైపు గీస్తుంది, ఎదురుగా కూర్చున్న మనిషి వైపు. ఆవిడ బాణాన్ని నేను నా బాణంలా చదివి అద్దాన్ని తిరగేశాను.

అక్క విప్పి, బాణం గీసి, మరిచిపోయి ఉంటుంది. నేను దీపం పరీక్ష చెయ్యకుండా బాణాన్ని నమ్మాను. తప్పు చెరిసగం. పంతొమ్మిదేళ్ళు మొత్తం నాదే అనుకున్నాను గుండూ. సగం దించుకుంటే ఇంత తేలిగ్గా ఉంటుందని తెలియలేదు. ఇవాళ పైవాటా మెషీను తిరుగుతుంటే బల్లతో పాటు నేనూ ఊగుతూ కూర్చున్నాను, లేచి తిట్టలేదు.

అక్కకి నువ్వు చెప్పకు. పాపం, తెలిస్తే కుమిలిపోతుంది. 20న వచ్చి పక్కన కూర్చుని నేనే మెల్లగా చెబుతాను.

పిన్ని

ఏప్రిల్ 13

పిన్నీ,

నువ్వు బస్సెక్కకముందే ఇది అందాలని స్పీడుపోస్టులో పంపుతున్నాను.

అమ్మకి ఏమీ తెలియదు. లెన్సు నా దగ్గరుందని తెలియదు, నీకు రాస్తున్నానని తెలియదు. "దానికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు" అని అమ్మ అనలేదు. నవ్వలేదు. నీ వేలు సంగతి నేను చిన్నప్పుడు విన్నది, నాకు గుర్తుండి రాశాను. అమ్మ సరేనంటేనే రాస్తానన్నావు, అడిగితే అమ్మ అనదని నాకు తెలుసు. ఒక్క అబద్ధంతో పోతుందనుకున్నాను. నువ్వు అడుగుతూ పోయావు, నేను చెబుతూ పోయాను. నువ్వు సంతోషపడుతున్నట్టు రాసిన ప్రతిసారీ ఇంకాస్త కూరుకుపోయాను.

బాణం ఊదారంగులోనే ఉంది. అద్దం తిప్పి పెట్టాను. ఇప్పుడు ఎదురుమేడ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇటుకలు లెక్కపెట్టేలా వస్తోంది. చూసి సంతోషించే ముఖం నాకు లేదు.

గుండు

ఏప్రిల్ 17

గుండూ,

టికెట్ రద్దు చేసుకున్నాను.

నువ్వు చెడ్డవాడివి కావు, అది నాకు తెలుసు. కానీ రెండు నెలలుగా నాకు ఒక అక్క ఉంది. పొద్దున లేవగానే ఇవాళ అక్కని ఏం అడగాలా అని ఆలోచించేదాన్ని. ఆ అక్కని నువ్వు నీ గదిలో కూర్చుని తయారు చేశావు, పళ్ళ సెట్టు చేసినట్టు. కొలత సరిగ్గా సరిపోయింది, అందుకే ఇప్పుడు తీసేస్తే నొప్పిగా ఉంది.

లెన్సు బాగయ్యింది. మీ అమ్మకి ఇవ్వు. బాణం గురించి చెబుతావో లేదో నీ ఇష్టం. చెబితే తప్పు చెరిసగమనే చెప్పు, ఎక్కువ తన మీద వేసుకోనివ్వకు. ఇక నాకు రాయకు.

పిన్ని

ఏప్రిల్ 24

పిన్నీ,

రాయొద్దన్నావు. ఇది నా ఉత్తరం కాదు, కవరు మోసే ఉత్తరం అనుకో.

మొన్న పొద్దున్న స్టూడియోకి వెళ్ళి లెన్సునీ, నీ ఉత్తరాలన్నిటినీ కౌంటరు మీద పెట్టాను. నేను నీకు ఏమేం రాశానో కూడా దాచకుండా చెప్పాను. అమ్మ లామినేషన్ మెషీను ఆపేసి, బయట బోర్డు తిప్పేసి, కూర్చుని చదివింది. ఒక్కో ఉత్తరం రెండేసిసార్లు. బాణం గురించి రాసిన ఉత్తరం దగ్గర చాలాసేపు ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోప్పడుతుందనుకున్నాను. అదీ లేదు. "ఇన్ని అబద్ధాలు ఎక్కడ నేర్చుకున్నావురా అని అడగను, నాకు తెలుసు" అంది. నాకు అర్థం కాలేదు.

నిన్నంతా గది తలుపేసుకుని ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఇవాళ ఈ కవరు ఇచ్చింది. అంటించేసి ఇచ్చింది, లోపలేముందో నేను చదవలేదు.

గుండు

ఏప్రిల్ 24

చిన్నీ,

వాడు నీకు రాసిన నా మాటల్లో ఒక్కటీ నాది కాదు. ఇవి నావి.

నేను బాణం గీసి మరిచిపోయానని రాశావు. తెలిస్తే కుమిలిపోతానని రాశావు. నేను మరిచిపోలేదు. నాకు తెలియకా పోలేదు.

నాన్న ఆపరేషనుకి ఏడాది ముందు, వానల్లో లెన్సుకి చెమ్మ పట్టింది. నేను లేకుండా విప్పకు అని నువ్వు నాకు చెప్పి ఉన్నావు. నీ కోసం ఆగలేక విప్పాను, తుడిచాను, బాణం గీసుకున్నాను. బాగానే వచ్చింది కాబట్టి నీతో అనలేదు. చిన్నదాని చేత మాట పడటమెందుకులే అనుకున్నాను. ఆ రోజు నీ చేతిలో పెట్టినప్పుడైనా ఒక్క ముక్క చెప్పాల్సింది. ఇంటినిండా జనం, చెప్పలేదు.

నాన్న పోయిన మూడో నెలలో దాన్ని మళ్ళీ విప్పాను. కోపంతోనే విప్పాను. నువ్వేం పాడు చేశావో కళ్ళారా చూసి ఇంకోసారి తిట్టుకుందామని. మధ్య అద్దం అంచు మీద నా బాణం నా వైపు తిరిగి ఉంది. దానికేసి చూస్తూ చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాను. జరిగిందేమిటో మొత్తం అర్థమైంది. సరిచేసి పెట్టడానికి చెయ్యి రాలేదు. ఎలా ఉన్నది అలాగే మూసి గుడ్డ చుట్టేశాను.

నీకు రాద్దామని కాగితం తీశాను. తప్పు నాదని రాస్తే, అంతమంది ముందు నిన్నన్న మాటని ఏం చెయ్యాలి? ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ అంతమంది ముందు తీసుకోవాలి. ముఖం చెల్లలేదు. వచ్చే వారం అనుకున్నాను. వారం నెలయ్యింది, నెల ఏడాదయ్యింది, తర్వాత ఇంకెలా రాయాలో తెలియలేదు. నువ్వు తప్పు ఒప్పేసుకుని వెళ్ళిపోయావు కదా, నాకు అది వాటంగా దొరికింది. మొదటి మూడు నెలలూ నేను పొరబడ్డాను. మిగతా పద్దెనిమిదేళ్ళ తొమ్మిది నెలలూ అబద్ధమాడాను. వాడిని కోప్పడకు, వాడిది రెండు నెలలే.

చెరిసగం అన్నావు. వద్దు. ఎర్రదీపం కింద నువ్వు చేసింది పొరపాటు. వెలుగులో నేను చేసింది పొరపాటు కాదు.

నాన్న ముఖం చెరిపింది నువ్వు కాదు, నేను. ఆ రోజు నా మాట విన్నవాళ్ళలో ఇప్పుడున్నవాళ్ళు ఏడుగురు. నిన్న ఏడుగురికీ ఫోను చేసి ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకరిద్దరు ఇప్పుడెందుకులే అన్నారు. అయినా పూర్తిగా వినేదాకా ఫోను పెట్టలేదు.

ఎనిమిదో మనిషివి నువ్వు. నీకు ఫోనులో చెప్పే మాట కాదు, కాగితం మీద రాసి ఊరుకునేదీ కాదు. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. తలుపు తియ్యాలనిపిస్తే తియ్యి. తియ్యకపోతే గుమ్మంలోనే నిలబడి, తలుపుకి చెప్పి, తర్వాతి బస్సుకి వెళ్ళిపోతాను.

అక్క